రంగూన్ నుంచి రెండున్నర గంటలు

పలాస, 1967 డిసెంబరు, మంగళవారం

ఈ రోజు బడిలో పాఠాలు చెప్పడం అయ్యాక వజ్రపుకొత్తూరు వెళ్ళి అమ్మను చూసి వచ్చాను. రంగూన్ నుంచి తిరిగొచ్చేసిన సూరయ్య మావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పెళ్ళయి అక్కడే ఉండిపోయిన అక్కను చూశాడట. బాగుందట.

"ఓడలో కాదప్పా, ఇమానంలో వచ్చినాను. రంగం నుంచి కలకత్తా ఆరొందల మైళ్ళ పైనే. రెండున్నర గంటల్లో దింపేసింది," అని తనకు అక్క వరసైన అమ్మతో అన్నాడు.

అమ్మ ముఖం వెలిగిపోయింది. "అంతేనా! మరి నా కూతురు ఒక్కపాలి వచ్చి ఎల్లకూడదేటి?"

మావ తల దించుకున్నాడు. "ఒకపాలి వచ్చేసినోళ్ళని బర్మా సర్కారోళ్ళు మళ్ళీ అక్కడ అడుగెట్టనివ్వరప్పా. దాని మొగుడు అక్కడే పుట్టినోడు, కదలడు. పిల్లల్నొదిలి ఎలాగొత్తాది?"

నేను బయల్దేరుతుంటే అమ్మ, "దాన్ని రావద్దని రాసీ బాబూ," అంది.

ఇంటికొచ్చి కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నా చిన్నప్పుడు విశాఖ రేవులో ఓడ ఎక్కుతూ నా తల నిమిరిన అక్క ముఖం ఇప్పుడు సరిగ్గా గుర్తు రావడం లేదు. అమ్మ చెప్పిన మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఒక్కసారి రమ్మనే రాయాలనుంది...