అద్దె నవల వెనక నా పెన్సిల్ రాత

1983 ఆగస్టు, బుధవారం రాత్రి

గాజువాకలో అద్దెకు తెచ్చిన పుస్తకాల చివరి పేజీలో పేరు పెట్టకుండా నా అభిప్రాయం గిలికేసి తిరిగిచ్చేయడం నాకు సరదా. ఇంట్లో మాత్రం నవలలు చదువుతుందని మా ఆవిడను వెక్కిరిస్తాను. పోయిన వారం ఒక నవల వెనక ఇలా రాశాను: "ఈ అమ్మాయి మూడొందల పేజీలు ఏడ్చే బదులు, మొదటి పేజీలోనే మొగుడికి వడ్డించడం మానేస్తే సరిపోయేది."

ఆ నవల మా ఆవిడ చేతిలోనే పడింది. ఇందాక నేను డ్యూటీ నుంచి వచ్చి పీట మీద కూర్చుంటే ఆవిడ కదల్లేదు.

"ఏటలా సూత్తన్నావ్? గిన్నెలక్కడున్నాయి, ఒడ్డించుకో. ఎవులో మారాజు, ఎంత బాగా రాసేడో! ఆడి బుర్రలో సగం నీకుంటేనా! ఆడి రాతలున్న పుస్తకాలన్నీ ఏరి తెచ్చుకుంతాను."

ఆ మారాజును నేనే అంటే, ఇన్నేళ్ల వెక్కిరింతలకీ ఒకేసారి దులిపేస్తుంది. అనకపోతే రోజూ ఇదే భోగం.

ఇప్పుడు నేను చదివింది ఒక పెద్దమనిషి ఆత్మకథ. భార్య నలభై ఏళ్లు వేడివేడిగా వడ్డించిందని మురిసిపోయాడు గానీ, ఆవిడెప్పుడు తిన్నదో ఒక్క ముక్క రాయలేదు. అదే రాద్దామని పెన్సిల్ చెక్కాను. రాస్తే రేపటి నుంచి టీ కూడా నేనే కాచుకోవాలి.

అయినా, మా ఆవిడ ఈ పూట తిన్నదో లేదో నాకూ తెలీదు...