ఆయన బదులు నొక్కిన జవాబులు

ఆగస్టు 12, మంగళవారం

గౌరవనీయులైన వదినగారికి,

మీ మరదలి నమస్కారాలు. అన్నయ్యగారికి కూడా నా నమస్కారాలు చెప్పండి. ఉత్తరం మొదట్లో ఇక్కడ మేమంతా క్షేమమని రాయడం అలవాటు. అలవాటు కొద్దీ ఆ ముక్క రాసి, కొట్టేసి, వేరే కాగితం తీసుకున్నాను.

మీ తమ్ముడు మీ ఇంటికి వచ్చాక రెండు పూటలా తింటున్నారని, నిన్న మీతో పాటు మేడ మీద బట్టలు ఆరేశారని ఫోన్లో చెప్పారు. ఇక్కడ తడి తువ్వాలు మంచం మీద పడేసే మనిషి! నవ్వొచ్చింది.

మీరు చివర్లో అన్న మాట గురించే ఈ ఉత్తరం. గురువారం డిపోలో విచారణకి మీరే తమ్ముడి వెంట వెళతానని, ఆ సర్వే అమ్మాయిని నలుగురిలో నిలబెట్టి కడిగేస్తానని అన్నారు. మనిషి లోపల్లోపల కుంగిపోతుంటే నిక్షేపంలా ఉన్నాడని కాగితం రాసిచ్చిందా మహాతల్లి, దాని చదువు తగలెయ్య అని కూడా అన్నారు. నేను ఊఁ కొట్టాను. ఫోన్ పెట్టేశాక పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా అలాగే చూస్తూ నిలబడ్డాను. వదినగారూ, ఆ అమ్మాయి తప్పేం లేదు. ఆమె చేత ఆ కాగితం అలా రాయించింది నేనే.

ఆ సైకిలు మనిషి సంగతి మీకు తెలుసు. వానలో జారి మీ తమ్ముడి బస్సు వెనక చక్రం కింద పడ్డాడు. డ్రైవరు తప్పు లేదని విచారణలో తేల్చారు. తేల్చినా, డిపో వాళ్ళు ఆయన్ని కొన్నాళ్ళు ఆఫీసు పనిలో ఉంచారు. యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం చదివే వాళ్ళు, ప్రమాదం జరిగాక డ్రైవర్ల మనసు ఎలా ఉంటుందని పరిశోధన చేస్తున్నారట. వాళ్ళు బాగున్నాడని చెబితేనే మళ్ళీ బస్సు ఇస్తామన్నారు డిపో వాళ్ళు.

అలా వచ్చింది ఆ అమ్మాయి మా ఇంటికి. కుర్చీ అంచున కూర్చుని ఓపిగ్గా చెప్పింది. నెలకోసారి పిలిచి ఎలా ఉన్నారని అడిగితే, మనుషులు ఆ పూట ఉన్న తీరునే నెలంతటికీ పులిమేస్తారండీ, అందుకే రోజులో వేళకాని వేళల్లో అడుగుతూ ఉంటాం అంది. ఫోన్ టింగుమంటుంది, ఇప్పుడు మీ మనసు ఎలా ఉంది అని ఉంటుంది, కింద అయిదు జవాబులుంటాయి, ఒకటి నొక్కాలి. మీ తమ్ముడు ఆరోజు జోకు కూడా వేశారు. బస్సుకి చూసినట్టు నా మనసుక్కూడా మైలేజీ చూస్తారామ్మా అన్నారు. ఆ అమ్మాయి నవ్వి, లేవబోతూ ఇంకో మాట చెప్పింది. జవాబివ్వాలని లేకపోతే వదిలేయండి, ఖాళీ కూడా మాకు జవాబే అంది.

అదే నాకు బుర్రకెక్కలేదు. నా సంగతి మీకు తెలుసు. పాలవాడు రాని రోజు కూడా లెక్కల పుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉంచను, రాలేదు అని రాస్తాను. ఖాళీ గడి కనిపిస్తే ఇల్లు ఊడ్చకుండా వదిలేసినట్టుంటుంది నాకు. ఖాళీ ఉండటమేమిటి, అది జవాబెలా అవుతుంది, పిల్లలకి నేర్పే చదువా ఇది అనుకున్నాను.

ఫోన్ ఫ్రిజ్ మీద ఉండేది. టింగుమంటే, ఇదిగో మీ గంట మోగింది అని పిలిచేదాన్ని. ఆయన ఫ్యాను వంక చూస్తూ పడుకుని ఉండేవారు. ఏం నొక్కమంటారు అని అడిగితే, ఏదో ఒకటిలే, పర్లేదు అని అటు తిరిగేవారు. ఆ అయిదు జవాబుల్లో మధ్యది అదే. పర్లేదు. మనిషి తన నోటితో చెప్పాడు కదా అని నేను అదే నొక్కేదాన్ని.

ఆ మాట ఆయన దేనికి వాడతారో నాకు తెలియదా? కూరలో ఉప్పు మరిచిపోయినా పర్లేదే. ఒళ్ళు కాలిపోతున్నా పర్లేదే. చెప్పు కరిచి మడమ చీము పట్టినప్పుడూ పర్లేదన్నారు. బాగున్నానని కాదు దానికి అర్థం, నన్ను వదిలెయ్ అని. ఇన్నేళ్ళు కాపురం చేసిన దాన్ని, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

కొన్నాళ్ళకి అడగడం కూడా మానేశాను. పప్పు కడుగుతూ చెయ్యి తుడుచుకుని నొక్కేయడం, మళ్ళీ పప్పు కడుక్కోవడం. ఎప్పుడూ ఒకటే నొక్కితే అనుమానం వస్తుందని మధ్యమధ్యలో మార్చేదాన్ని కూడా. చూశారా, దొంగపనిలోనూ ఎంత పద్ధతో.

తర్వాత ఆ అమ్మాయి గీతలు గీసిన కాగితం పట్టుకొచ్చింది. మీవారు బాగా కోలుకుంటున్నారండీ, ఒక్క ఖాళీ కూడా లేదు, ఇంత శ్రద్ధగా జవాబిచ్చిన వాళ్ళు మాకు ఇంకెవరూ లేరు అని మెచ్చుకుంది. సిగ్గు లేకుండా నేను ఉప్పొంగిపోయాను. ఆదివారాలు మరీ హుషారుగా ఉన్నారేం అని ఆయన్ని అడిగింది. ఆదివారం మా అమ్మాయి హాస్టల్ నుంచి ఇంటికొస్తుంది కదా, ఆరోజు నా చెయ్యి దానంతటదే బాగుంది మీదకి పోయేది. ఒకచోట గీత దబ్బున కిందికి దిగింది. అది మిక్సీ కాలిపోయిన రోజు. వదినగారూ, ఆ కాగితం మీద ఉన్నది మీ తమ్ముడి మనసు కాదు, నాది.

ఆయన ఆ కాగితం చూశారు. ఒక్క జవాబైనా తను నొక్కలేదని ఆ క్షణాన చెప్పి ఉండొచ్చు. నా వైపు చూసి, తల దించుకుని, పర్లేదమ్మా అన్నారు ఆ అమ్మాయితో. నన్ను బయట పెట్టకూడదని బస్సెక్కారు.

తర్వాతది మీకు కండక్టరు చెప్పాడు. ఆ సైకిలు మనిషి పడ్డ మలుపు దగ్గరకొచ్చి, నడిరోడ్డున ఇంజను ఆపేసి, దిగి, ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయారు. బస్సులో ఒకడు తాగొచ్చాడా అని అరిచాడట. ఇంకెవరో తల్లి మంచినీళ్ళ సీసా ఇస్తే, మూత తీసుకోవడం కూడా చేతకాలేదట. ఇంకాస్త ముందుకు పోయాక ఆ చేతులు అలా అయి ఉంటే? బస్సు నిండా జనం. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా చేస్తున్న పని ఆపేసి కూర్చుంటున్నాను.

ఇప్పుడు డిపో డాక్టరు, నిన్నటిదాకా రికార్డులో శుభ్రంగా ఉన్న మనిషికి హఠాత్తుగా ఏం వచ్చింది, ఆఫీసులో కుర్చీ పని కోసం నాటకం ఆడుతున్నాడు అంటున్నాడట. ఆ రికార్డు నమ్మితే ఆయనకి వైద్యం ఉండదు, ఉద్యోగమూ ఉండదు. అన్నిటికీ మించి అబద్ధాలకోరు అన్న పేరు. ఆయన మాత్రం నోరు విప్పరు. ఇప్పటికీ నన్నే కాపాడుతున్నారు.

అందుకని గురువారం మీరు ఆ అమ్మాయిని ఏమీ అనకండి. ఈ ఉత్తరం డాక్టరు చేతిలో పెట్టండి. నేనూ బుధవారం సాయంత్రానికి వస్తాను. మీరు లోపలికి రానివ్వకపోయినా గుమ్మం దగ్గర కూర్చుంటాను, గురువారం మీ వెంట డిపోకి వస్తాను. ఆ అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ఫోన్ చేసి, ఆమె హలో అండీ, సార్ ఎలా ఉన్నారు అనగానే పెట్టేశాను. మీతోనూ ఫోన్లో అయితే మళ్ళీ ఊఁ కొట్టి ఊరుకుంటానని ఉత్తరం రాస్తున్నాను. సాయంత్రం బస్సు కండక్టరు చేత పంపిస్తున్నాను.

ఆయనకి రాత్రి దుప్పటి కప్పడం మరిచిపోకండి. తనంతట తను అడగరు.

మీకు మొహం చూపించలేని
మీ మరదలు

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. పైన రాసింది అబద్ధం కాదు, కానీ అది చదివితే పాపం గడులు నింపే పిచ్చిది, తెలియక చేసింది అనిపిస్తుంది. తెలియక కాదు.

మొదటి రోజు ఫోన్ మోగినప్పుడు జవాబిచ్చింది ఆయనే. చాలా బాగోలేదు అన్నది నొక్కారు. కింద ఇంకేమైనా చెప్పాలంటే రాయండి అని ఉన్నచోట ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రాశారు. ఇంతలో ఎవరో తలుపు కొడితే, పంపకుండానే ఫోన్ అక్కడ పెట్టి వెళ్ళారు. నేను చదివాను. స్టీరింగు పట్టుకున్నట్టు అనుకుంటే చాలు చేతులు వణుకుతున్నాయి, మా ఆవిడకి తెలియనివ్వకండి అని ఉంది.

డ్రైవరుకి బస్సంటే భయమని తెలిస్తే డిపోలో ఏం పేరు పెడతారో, చుట్టుపక్కల ఆడవాళ్ళ ముందు నా తల ఎక్కడ పెట్టుకోవాలో, అప్పుడు నాకు తోచింది అదే. అంతా చెరిపేసి పర్లేదు నొక్కి పంపేశాను. ఆయన తలుపు దగ్గర్నుంచి వచ్చి ఫోన్ చూసుకున్నారు. దాన్ని తీసి ఫ్రిజ్ మీద పెట్టి వెళ్ళి పడుకున్నారు. మళ్ళీ ముట్టుకోలేదు.

డాక్టరుకి ముందుగా ఆ మాటలే చదివి వినిపించండి. ఆ పరిశోధన మొత్తంలో మీ తమ్ముడు ఇచ్చిన జవాబు అదొక్కటే.