పాట మధ్యలో నీ అరుపు

అన్నయ్యా,

మొన్ననే నీ సంవత్సరీకం పెట్టాం. ఈ రోజు నీ ల్యాప్‌టాప్ తెరిచాను. నీతో కలిసి డీజే నడిపిన శ్రీనన్న ఎల్లుండి పర్చూరులో పెళ్ళి ఊరేగింపు ఒప్పుకున్నాడు. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే కదా, పాటలు సర్దిపెట్టమన్నాడు.

ఒకే పాటను "కొత్తది", "అసలు కొత్తది", "ఇదే వెయ్యాలి" అని మూడు పేర్లతో పెట్టావు. ఏది వెయ్యాలో ఎవరినడగను? విని విని ఒకటి ఉంచాను. ఊరేగింపు పాటలు, భోజనాలప్పటి పాటలు వేరు చేశాను. అంతవరకు బాగానే ఉంది.

కానీ ప్రతి ఊరేగింపు పాట మధ్యలోనూ నువ్వు రికార్డు చేసి కలిపిన అరుపు ఉంది. "కూర్చున్నోళ్ళంతా లేవండ్రోయ్!"

"అది తీసెయ్యాలి చెల్లెమ్మా," అన్నాడు శ్రీనన్న, నా వైపు చూడకుండా. "పోయినోడి గొంతు పెళ్ళిలో వద్దంటన్నారు ఆడపెళ్ళోళ్ళు. నేనేం జెయ్యను?"

ఆయన్ని ఏమనగలను? వాళ్ళనైనా ఏమనగలను? పాతవి ఒక పక్కన దాచి, ఒక్కో పాటలో నీ అరుపు కత్తిరించాను. నువ్వు పట్టుబట్టి చదివించిన చదువు ఇందుకు పనికొచ్చింది.

సరిచూద్దామని ఒక పాట పెట్టాను. అమ్మ వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నీ అరుపు వినబడినప్పుడల్లా "నేను లెగవను, పోరా" అనేది, గుర్తుందా? పాట ఆ చోటికి వచ్చింది. ఆగకుండా ముందుకు వెళ్ళిపోయింది.

అమ్మ తలెత్తలేదు. "నేను లెగవను, పోరా" అంది.