మూడో సాక్షి

బావా,

ఇది నీకు పంపను. అయినా చెప్పకుండా ఉండలేను.

మనిద్దరం ఎప్పటినుంచో చేద్దామనుకున్న పని ఇవాళ కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో నేనొక్కడినే చేశాను. రెండు సర్వర్లు, రెండింటికీ కలిపి ఒకటే స్టోరేజీ. ఒకటి ఆగినా పని ఆగదని చూపించడానికి ఓనరు కళ్లముందే ఒకదాని కరెంటు వైరు పీకేశాను. కాసేపటికే బిల్లింగు రెండోదాని మీద లేచింది.

"మరి ఈ మూడో సిన్న డబ్బా ఏటికి?" అన్నాడు ఓనరు.

రెండింటి మధ్య మాట తెగిపోతే, అవతలిది చచ్చిపోయిందని దేనికది అనుకుంటుందని చెప్పాను. అప్పుడు రెండూ ఒకే స్టోరేజీ మీద రాసేసి మొత్తం పాడుచేస్తాయి. ఏది బతికుందో తేల్చడానికి మూడోది ఉండాలి.

"అయితే సాచ్చి అన్నమాట," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మన కంప్యూటర్ల షాపు కూడా కాగితం లేకుండా నోటిమాట మీదే తెరిచాం. "మనిద్దరికీ సాచ్చేటి బావా" అన్నది నువ్వే. పనుంది, వచ్చేస్తానని విశాఖ వెళ్లి, ఇక్కడ నేను పని మానేశానని మన కస్టమర్లందరికీ ఫోన్లు చేసి నీవైపు తిప్పుకున్నావు. నౌపడ ఉప్పు వ్యాపారి మన షాపు ముందు ఆగి, "మానేసినావంట గదేటి, ఇప్పుడేటి సేత్తన్నావు?" అని జాలిగా అడిగితేనే నాకు తెలిసింది.

ఆయన అలా అడిగేసరికి నేను నీ కుర్చీ దుమ్ము దులుపుతున్నాను, బావా.