తూటాలు పోయి చెంబు వచ్చింది

అచ్చంపేట, కార్తీక శుద్ధ అష్టమి

యుద్ధం పుణ్యమా అని కొత్త తూటాలు కొనే స్తోమత లేదు. జొన్నచేను సగం అడవిపందుల పాలైంది. అందుకని, మళ్ళీ తుపాకిమందు నింపుకుందామని, కాల్చిన తూటాల ఇత్తడి గొట్టాలు ఆరు దాచాను. మందు మీద కుక్కడానికి ఇవాళ పాత గొంగడి నుంచి బిళ్ళలు కూడా కోసుకున్నాను. తీరా చూస్తే గొట్టాలు లేవు. అమ్మ వాటిని చిల్లుపడ్డ గిన్నెతో కలిపి కంచరి ఆయనకిచ్చి చెంబు తెచ్చుకుంది.

"పేలిపోయినవే గదరా, ఇంక దేనికొస్తయి?" అంది.

విజ్ఞానశాస్త్రానికి మా ఇంట్లో జరిగిన ఈ ఘోరాన్ని నాయనకు విన్నవించాను. ఆయన చెంబును తిప్పి చూసి, "మంచిగుంది" అన్నాడు.

"మరి పందులో?"

"రేపటి సంది నువ్వే మంచె మీద కూసొని అరువు. పట్నంల సదివినవు గద."

చదివింది ఉర్దూలో. పందులు ఏ భాషలో అరిస్తే జడుస్తాయో ఏ ప్రొఫెసరూ చెప్పలేదు.