ఏడో లెక్క మీది ఎర్ర గీత

చిరంజీవి పిచ్చుకకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, తాతయ్యా, వానకు ఉబ్బి మూతపడని వంటింటి తలుపూ క్షేమం. హాస్టల్లో నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటాను.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. తాతయ్య దగ్గు తగ్గింది. ఇక రెండోది: a⁶ను a⁴తో భాగిస్తే ఘాతాలు ఎందుకు తీసివేయాలి? బట్టీ పట్టకు. పైన ఆరు aలు, కింద నాలుగు వరుసగా రాయి. పైదొకటి, కిందిదొకటి జతగా కొట్టెయ్యి. పైన మిగిలిన రెండే a². మధ్యలో కూడిక గుర్తు ఉంటే మాత్రం ఇలా కొట్టెయ్యకూడదు. మూడో ప్రశ్నకు చివర వస్తాను.

వారంగా ముసురు. మధ్యాహ్నం కిటికీ దగ్గర కునుకు పడితే చాలు, ఒకటే కల. వీధంతా నీళ్ల రంగు. మన మేడ ఒక భిన్నం. పై అంతస్తు aలు మెత్తగా దిగివచ్చి, కింది అంతస్తు aల చెయ్యి పట్టుకుని వానలో కలిసిపోతాయి. చప్పుడుండదు. చివరికి బ్రాకెట్ గోడల మధ్య ఒక మూడు అంకె నిలబడి ఉంటుంది. పక్కనున్న a నిలువునా తడిసింది. మూడు మీద చినుకైనా లేదు. "నన్నెందుకు వదిలేశావు?" అంటుంది.

తాతయ్యకు చెబితే, "కలలోకొచ్చినవాళ్లు కూడా నీకు లెక్కలు అప్పజెప్పాల్సిందేనా?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మూడు ఎక్కడిదో నాకు తెలుసు.

నమూనా పరీక్షలో ఒకే రకం లెక్కలు నాలుగు పోయాయని రాసి, సోమవారం అసలు పరీక్ష మానేయనా అని అడిగావు. అదే మూడో ప్రశ్న.

నువ్వు బయల్దేరే ముందురోజు నేనిచ్చిన పది లెక్కల్లో ఏడోది గుర్తుందా? (3a²)³ను 9a⁴తో భాగించాలి. నువ్వు 3a² అని రాశావు. నేను ఎర్ర పెన్సిల్‌తో కొట్టేశాను. "బయటి పవర్ మూడుకి కూడా వస్తుంది కదా అమ్మమ్మా?" అన్నావు. "నలభయ్యేళ్లు పాఠం చెప్పినదాన్ని, నాకే నేర్పుతావా? నోరు మూసుకుని దిద్దుకో" అన్నాను. కళ్లు తుడుచుకుని a²/3 అని దిద్దుకున్నావు.

నువ్వే ఒప్పు. మూడును కూడా ఘనం చేయాలి: ఇరవై ఏడు. తొమ్మిదితో భాగిస్తే మూడు. నీ రైలు కదిలిన పూటే పుస్తకం తిరగేసి చూసుకున్నాను. మూడు నెలలు నోరు పెగల్లేదు. నేను రాసిపెట్టుకునే నీ తప్పుల చిట్టాలో దాన్ని అలాగే ఉంచాను. నన్ను నమ్మి ఆ నాలుగూ నా పద్ధతిలోనే చేశావు. అవి నీ తప్పులు కావు. చిట్టాలో ఏడో లెక్క కొట్టేసి, దానితో కలిపి ఐదూ నా పేరున రాసుకున్నాను.

పరీక్షకు వెళ్లు. బ్రాకెట్ లోపల గుణకారం ఉంటే, బయటి ఘాతంలో అందరినీ తడవనివ్వు. అక్కడ నీ చెయ్యి ఆగితే నన్ను తలుచుకోకు.

ఏడో లెక్క ఉన్న ఆ పేజీ చింపి ఇందులో పెట్టాను. వెనక తెల్లగానే ఉంది. పరీక్ష అయ్యాక అలాంటి లెక్క ఒకటి నాకు రాసి పంపు, చేసి పంపుతాను. ఎర్ర పెన్సిల్ కూడా ఈ కవర్లోనే ఉంది. నువ్వే దిద్దు.

ఇట్లు,
పదికి తొమ్మిది తెచ్చుకున్న
మీ అమ్మమ్మ