మాటల పంతులమ్మ

ప్రియమైన మనవరాలికి,

పక్షవాతం వచ్చి మీ తాతయ్యకు కుడిచేయి, మాట రెండూ పోయాక, నీ సలహా మీదే కదా స్పీచ్ థెరపిస్టును పెట్టుకున్నాం. నేను మాటల పంతులమ్మ అంటాను. చక్కటి పిల్ల. నా బాధంతా అదే. ఆవిడ వచ్చే రోజున గడ్డం గీయించుకుంటేగాని ఈయన కుర్చీలో కూర్చోరు. నాకైతే మాసిన గడ్డం చాలు. నిన్న ఆ పిల్ల కాఫీ కప్పు చేతికందకుండా పెట్టి, గోళ్లు చూసుకుంటూ కూర్చుంది. ఎంతసేపటికో ఈయన "కాఫీ" అన్నారు. ఇన్నేళ్లూ అడక్కముందే కప్పు చేతిలో పెట్టినదాన్ని నేను. నాకు తలూపడం, ఆవిడకు మొదటి మాట. నీదీ అదే వృత్తి కనక అడుగుతున్నాను, ఎందరి కాపురాల్లో నిప్పులు పోశావు?

ఉడికిపోతున్న
మీ అమ్మమ్మ

ప్రియమైన అమ్మమ్మకు,

నేను నవ్విన నవ్వుకి పక్కగదిలో నాలుక కసరత్తు చేయిస్తున్న మా సీనియర్ వచ్చి తలుపు కొట్టింది. ఆవిడ గోళ్లు చూసుకోలేదు అమ్మమ్మా, ఎదురుచూసింది. మా పనిలో అన్నిటికన్నా కష్టం అదే. తాతయ్యకు మాట తెలుసు, అది బయటికి రావడానికి వ్యవధి కావాలి. ఈలోగా నువ్వు "నీళ్లా, దిండా, టీవీనా" అంటూ మూడూ తెచ్చిపెడితే ఆయనకేం అవసరం? నోటికి తాళం వేసుకుని కూర్చో. ఆవిడను మాత్రం మాన్పించకు.

నీ మనవరాలు

ప్రియమైన చిట్టితల్లికి,

నీ ఉత్తరం అందేసరికే మాన్పించాను. ఆ పిల్ల "సరేనండి, ఆయన్ని తొందరపెట్టకండి" అని వెళ్లిపోయింది. మర్యాదస్తురాలు, తిట్టుకోవడానికి కూడా వీలివ్వలేదు. మర్నాటి నుంచి నేనే కప్పు దూరంగా పెడుతున్నాను. మీ తాతయ్య కప్పును చూస్తారు, నన్ను చూస్తారు, కిటికీ వైపు తిరుగుతారు. ఉన్న ఆ ఒక్క "కాఫీ" కూడా పోయింది. నా పంతం ఆయన మాటను మింగేసిందా? లేక ఆవిడ కోసమే మాట్లాడేవారా? ఏది నిజమైతే ఎక్కువ ఏడవాలో తెలియడం లేదు.

మీ అమ్మమ్మ

ప్రియమైన అమ్మమ్మకు,

ఒక్క సంగతి నిజం చెప్పు. కప్పు దూరంగా పెట్టాక నువ్వు పలక్కుండా కూర్చున్నావా?

నీ మనవరాలు

ప్రియమైన మనవరాలికి,

కూర్చోలేదు. "అనండి మరి, ఆవిడకైతే అన్నారుగా, నాకనలేరా" అని సతాయిస్తూనే ఉన్నాను. నీ ఉత్తరం వచ్చిన రోజూ అదే వరస. ఆయన పెదవులు కదిలాయి. "కాఫీయేనా, చక్కెర వేశాను" అన్నాను. ఎడమచేయి ఎత్తి "నోర్ముయ్" అన్నారు. ఒక్క అక్షరం జారలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఏనాడూ అనని మాట.

మూసుకున్నాను. కాఫీ మీద మీగడ కట్టింది. అప్పుడు, ఒక్కో మాటా మోసుకొచ్చి దించినట్టు, "ఆ పిల్లని... పిలు. నీతో... మాట్లాడాలి" అన్నారు.

పిలిచాను. ఇప్పుడు ఆవిడకు "రండి", "కూర్చోండి" దక్కుతున్నాయి, దక్కనీ. "నోర్ముయ్" మాత్రం నాకొక్కదానికే. ఆవిడ ముందు ఒక్కసారి అనండి అని బతిమాలినా అనడం లేదు.

నోరు మూసుకున్న
మీ అమ్మమ్మ